వల ముట్టని కుక్క

కాస్త ఇటు జరిగి కూర్చోండి, మా కొల్లేటి ఇంటి కుక్క సంగతి చెబుతాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఏడాదికోసారి మా రేవులో కుక్కలకు తాడులాగుడు పందెం పెట్టేవారు. మా కుక్క బలమైనదే, కానీ తాడు నోట పట్టేది కాదు.

"ఈ వారంలో పట్టకపోతే తాడేపల్లిగూడెం రైసుమిల్లుకి ఇచ్చేస్తాను. గొలుసేసి కట్టుకుంటారు," అన్నాడు నాన్న.

నాకు అన్నం సహించలేదు. రోజూ పాత వలతాడు దాని మూతికి ఆనించి బతిమాలేదాన్ని. అది తల తిప్పేసుకునేది. చూసి నాయనమ్మ నవ్వింది.

"పిచ్చిమొహమా, పిల్లప్పుడు వల కొరికిందని మీ నాన్న దాన్ని చావగొట్టాడు కదే. ఇప్పుడు ఆ తాడే పట్టుకోమంటే ఎలా పడుతుంది?"

తన పాత చీర చింపి, జడలా అల్లి ఇచ్చింది. దాన్ని నేలమీద ఈడుస్తూ పరుగెత్తాను. కుక్క వెంటపడి కొస అందుకుంది. కావాలనే వదిలేశాను. గెలిచిన గుడ్డను మళ్లీ నా దగ్గరికే తెచ్చింది, ఇంకోసారి లాగమని.

నాన్న వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. అంత మనిషినీ రెండడుగులు ఈడ్చింది. ఆ ఊపులో గుడ్డ జారి, ఆరేసిన వలమీద పడింది. కుక్క ఒక్కసారిగా ఆగిపోయింది. ఒళ్లంతా వణుకుతున్నా వలమీద కాలు మోపలేదు.

నాన్నే వంగి గుడ్డ తీసి, రెండు చేతులతో దానికి అందించాడు. మిల్లు మాట మళ్లీ ఎత్తలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గుమ్మంలో అలాంటి ప్రాణి ఒకటి ఎప్పుడూ హాయిగా పడుకుని ఉండాలి.