బాలమణి దేనికి మాఫీ అడగాలి?

1943లో, వానలు మొదలయ్యే ముందు, నాకు పంజగుట్టలోని ఒక బాలికల ప్రాథమిక పాఠశాలకు బదిలీ అయింది. అప్పటి నిజాం సర్కారు భాషలో అలాంటి బడిని తహతానియా మదర్సా అనేవారు. చదువు తెలుగులో, కాగితాలన్నీ ఉర్దూలో. నా హోదా మూడో పంతులమ్మ. పైన సదర్ ముదర్రిసా, అంటే ప్రధానోపాధ్యాయురాలు. ఆమెను మేము పెద్ద పంతులమ్మ అనేవాళ్లం. ముస్లిం పిల్లలకు దీనియాత్ అనే మతపాఠం జరిగే గంటలోనే మిగతా పిల్లలకు అఖ్లాఖియాత్, అంటే నీతిపాఠం, జరిగేది. క్రైస్తవురాలిని కాబట్టి నీతులు బాగా చెబుతాననుకున్నారో ఏమో, ఆ గంట నా నెత్తిన పెట్టారు.

ఆ రోజుల్లో బాలికల బడికి ఆయా ఉద్యోగం ముఖ్యమైనది. పొద్దున ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని పోగుచేసి తీసుకురావడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆమె పని. ఆయా రాకపోతే చాలామంది తల్లులు పిల్లల్ని గడప దాటనిచ్చేవారు కారు. మా బడికీ ఆయా ఉంది. కానీ ఆమె సర్కారు జీతం తీసుకుంటూ పెద్ద పంతులమ్మ ఇంట్లో బియ్యం ఏరేది, బట్టలు ఉతికేది. ఇదేమిటని పెద్ద పంతులమ్మను అడిగితే, “మీకెందుకండీ రూతమ్మగారూ? తీసుకెళ్లడానికి పెద్ద పిల్లలు లేరా?” అంది. ఎంత సులువుగా అందో! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సరే, పిల్లల్ని వీధిన వదలలేం కదా. అమీర్‌పేట, బల్కంపేట వైపు వెళ్లే పిల్లలకు నేనొక దారి మానిటర్‌ను పెట్టాను. నాలుగో తరగతి బాలమణి. వాళ్లది సిద్దిపేట వైపు నేతపనివాళ్ల కుటుంబం. మగ్గం మీద బతుకు సాగక తండ్రి అమీర్‌పేటలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. మామూలుగా మానిటర్ అంటే చేతిలో బెత్తం, నోట్లో కసురు. ఈ పిల్ల బెత్తం ఇస్తే వద్దంది. అందరికంటే వెనక నడిచేది. ఎందుకే అంటే, “ముందట నడిస్తే, ఎన్క ఎవరన్న కూసుంటే ఎట్ల తెలుస్తది పంతులమ్మా?” అంది.

అమీర్‌పేటకు ముందు ఒక వాగు అడ్డం వచ్చేది. వంతెన లేదు, పరిచిన బండల మీదుగా దాటాలి. అక్కడ మాత్రం బాలమణి ముందుకొచ్చి తానే మొదట దిగి లోతు చూసేది. మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ చేయిపట్టి దాటించి, చివరన తాను దాటేది. అరవకుండా, గిచ్చకుండా, ఇంట్లో చెబుతానని బెదిరించకుండా నడిపించేది. పిల్లలు ఆమె మాట వినేవాళ్లంటే అందుకే విన్నారు. మంచి నాయకులతో సహకరించడమనే పాఠం వచ్చినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి ఈ వాగు గురించే మాట్లాడాను. పిల్లలకు వెంటనే అర్థమైంది.

అర్థం కానిది పెద్దవాళ్లకు. అదే తరగతిలో శకుంతల అని ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు కూతురు ఉండేది. కల్లు, సారా పన్ను చూసే శాఖ అది. పేటలో ఆయనంటే హడల్. ఆయన భార్య ఒకనాడు బడికి వచ్చి, “దర్జోని బిడ్డ నడువుమంటే మా బిడ్డ నడుచుడేంది? మా ఇజ్జత్ ఏం గావాలె?” అని నిలదీసింది. మర్నాటి నుంచి శకుంతల మానిటర్. ఇది తప్పని నేను చెబితే, “అధికారి బిడ్డకు హుకుం చేయడం పుట్టుకతోనే వస్తుందండీ” అని పెద్ద పంతులమ్మ సెలవిచ్చింది. శకుంతల చెడ్డ పిల్లేమీ కాదు. పాపం, తల్లి ముందు నడవమంది, గొడుగేసుకుని ముందు నడిచింది.

పదిహేను రోజులు తిరక్కుండానే పెద్ద వాన కురిసింది. పిల్లలు వాగు దగ్గరికి చేరేసరికి నీళ్లు ఎర్రగా, బండల మీదుగా పారుతున్నాయట. త్వరగా ఇల్లు చేరాలన్న తొందరలో శకుంతల దిగబోయింది. మానిటర్ కాకపోయినా వెనకే నడుస్తున్న బాలమణి, “ఆగుండ్రి! ఎవ్వరు దిగకుండ్రి!” అని కేక వేసింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒడ్డున ఒక కమ్మరి కొట్టంలో కూర్చున్నారు. ఒకటో తరగతి మార్త ఏడుస్తుంటే బాలమణి ఒళ్లో పెట్టుకుందట. నీళ్లు తగ్గాక, పొద్దుగూకే వేళకు, తండ్రులు ఎదురొచ్చి తీసుకెళ్లారు. ఒక్క పిల్లకూ ఏమీ కాలేదు.

దీనికి ఏం చేయాలి? ఆ పిల్లను పిలిచి భుజం తట్టాలి. ఆయాను ఆ రోజే దారికి పంపాలి. జరిగిందేమిటో వినండి. మర్నాడు ఇన్‌స్పెక్టరు భార్య మళ్లీ వచ్చింది. మానిటర్ మాట కాదని దర్జీ పిల్ల అందరినీ ఆపేసిందనీ, తన కూతురు కమ్మరి కొట్టంలో కూర్చోవలసి వచ్చిందనీ ఫిర్యాదు. పెద్ద పంతులమ్మ నన్ను పిలిచి ఉత్తర్వు ఇచ్చింది. నీతిపాఠం గంటలో బాలమణిని బల్ల మీద నిలబెట్టి, నాయకురాలికి ఎదురు చెప్పిన పిల్లగా చూపించి పాఠం చెప్పాలి. అందరి ముందూ అది శకుంతలను మాఫీ అడగాలి. అడగకపోతే పేరు కొట్టేస్తారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు కొట్టేస్తే ఆ పిల్లను ఇంకో బడికి పంపే స్తోమత ఆ తండ్రికి లేదు. గుండీలు కుడుతూ ఇంట్లో కూర్చోవలసిందే. ఆమె మాఫీ అడిగితే మాత్రం తక్కిన పిల్లలు నేర్చుకునేదేమిటి? రేపు వాగులో కొట్టుకుపోతున్నా నోరు తెరవకూడదనా? బల్ల ఎక్కించను అని చెప్పేశాను. “అయితే నేనే వచ్చి కూర్చుంటాను. పాఠం ఎట్లా చెబుతారో చూస్తాను” అంది ఆమె.

అన్నట్టే వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను పుస్తకం తెరిచి, మంచి నాయకులు చెప్పింది ఎందుకు వినాలి అని అడిగాను. పిల్లలు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. భయం మరి. పెద్ద పంతులమ్మ బాలమణి వైపు చూసి, లేచి మాఫీ అడగమంది. బాలమణి లేచి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి కానీ మాఫీ అడగలేదు.

అప్పుడు శకుంతల లేచింది. తల్లి నేర్పి పంపిన మాటేదో అంటుందనుకున్నాను.

“బాలమణి ఆగుమన్నది. అందరు ఆగిన్రు. నేను సుత ఆగిన పంతులమ్మా. మరి నేను సుత మాఫీ అడగాల్నా?” అంది.

పెద్ద పంతులమ్మ మొహం మాడిపోయింది. ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు కూతురిని బల్ల ఎక్కించే ధైర్యం ఎక్కడిది? ఇద్దరినీ కూర్చోమని, కుర్చీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. పేరు కొట్టేసే మాట మళ్లీ ఎత్తలేదు. అలాగని తప్పు ఒప్పుకోనూ లేదు. నేనున్నన్నాళ్లూ మానిటరుగిరీ శకుంతల పేరు మీదే నడిచింది, ఆయా బియ్యం ఏరుతూనే ఉంది. ఆ పిల్లలే ఎవరికీ చెప్పకుండా సర్దుకున్నారు. గేటు దాకా శకుంతల ముందు నడిచేది. గేటు దాటగానే పక్కకు తప్పుకుని, “బాలమణీ, జర నువ్వు చూసుకో” అనేది.

ఆ తర్వాత చాలా బళ్లలో పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మంచి నాయకులతో సహకరించడం పిల్లలకు నేర్పాలని పై నుంచి వచ్చిన సర్క్యులర్లు ఎన్నో చూశాను. పిల్లలకు అది నేర్పనక్కర్లేదు. మంచివాళ్లెవరో వాళ్లకు రెండు రోజుల్లో తెలుస్తుంది, తెలిశాక వాళ్ల వెంట నడుస్తారు. వాళ్లు ఎంచుకున్న మనిషిని మనం పీకెయ్యకుండా ఉంటే చాలు. ఈ సంగతి నేర్పవలసింది పెద్దవాళ్లకు. దానికి నా సర్వీసంతా చాలలేదు.