కుర్చీ దిగిన మరియ తల్లి

నా చిన్నప్పుడు మా గుడిలో మరియ తల్లి తెల్లగా ఉండేది. సున్నం తెలుపు కాదు, మీగడ తెలుపు. నీలి కళ్లు, పసుపు రంగు జుట్టు, తల మీంచి పాదాల దాకా జారే నీలి వస్త్రం. నేను పుట్టక ముందే ఆ స్వరూపం, అంటే విగ్రహం, సముద్రం దాటి, రైలెక్కి, స్టేషను నుంచి గడ్డి పరిచిన ఎద్దులబండిలో మా పేటకు వచ్చిందట. మా పేట బద్వేలుకు కొంత దూరంలో, ఊరికి ఎడంగా ఉండేది. అందరివీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. గుడికి మాత్రం రాతి గోడలు, పైన బండల కప్పు. ఆ కప్పు కింద ఆమెను చూస్తూ మేం జపమాల చెప్పుకునేవాళ్లం. ఆమె మాలాగ లేదే అని ఎవరికీ తోచలేదు. దేవుని తల్లి మాలాగ ఎందుకుంటుంది అనుకునేవాళ్లమేమో.

మా సీమలో వాన పడడమే అరుదు. ఒక ఏడు మాత్రం ఎడతెగని ముసురు పట్టింది. బండల సందుల్లోంచి నీళ్లు కారి స్వరూపం మీద పడ్డాయి. అది సుద్దతో చేసింది. ముసురు వెలిసేసరికి ముఖం సగం పెచ్చులూడింది, ఒక చెయ్యి విరిగి పడింది. ఆడవాళ్లు ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు ఏడ్చారు.

మాకు పూజ చేసే గురువు విదేశీయుడు. అందరూ దొరసామి అనేవాళ్లు. మంచి మనిషి, తెలుగు పుస్తకంలో చదివినట్టు మాట్లాడేవాడు. ఇంకొక స్వరూపం తెప్పిస్తాడనుకున్నాం. ఆయన ఆలోచన వేరుగా ఉంది. ప్రసంగంలో చెప్పాడు: మా దేశంలో చిత్రకారులు తల్లిని మా ఆడవాళ్లలాగే గీసుకున్నారు, మీరు మాత్రం మా బొమ్మకు ఎందుకు మొక్కాలి, ఈ దేశంలో తల్లి ఈ దేశపు స్త్రీలాగే ఉండాలి అని. పడుచువాళ్లకు ఆ మాట నచ్చింది. మా తాతకు నచ్చలేదు. ఆయన ఉపదేశి. గుడి గంట కొట్టడం, పిల్లలకు జపాలు నేర్పడం ఆయన పని. ఆ తల్లి ముందరే తనకు పెళ్లయిందనీ, ఆ తల్లి ముందరే కన్నబిడ్డలను సమాధికి పంపాననీ, ఇప్పుడు ఇంకొక ముఖాన్ని ఎట్లా తల్లీ అని పిలవాలనీ ఇంట్లో బాధపడ్డాడు.

కర్నూలు నుంచి ఒక చిత్రకారుడు వచ్చాడు. మగ్గం నేసే ఇంటి అబ్బాయి, హిందువు. మద్రాసులో బొమ్మలు గీయడం నేర్చుకున్నాడట. పీఠం వెనక పెద్ద చెక్క నిలబెట్టి, ముందర గుడ్డ కట్టుకుని చాలా రోజులు పని చేశాడు. తల్లి పండగనాడు పొద్దున గుడ్డ తీశారు.

నల్లటి జుట్టు! కొప్పులో మల్లెలు, ముక్కుకు ముక్కుపుడక, మెడలో కాసులపేరు, ఎర్ర అంచు పట్టుచీర. చీర మడతలు చేత్తో పట్టుకోవచ్చనిపించేలా ఉన్నాయి. పువ్వులు చెక్కిన పెద్ద కుర్చీలో కూర్చుని, ఒళ్లో బాల యేసును పట్టుకుని ఉంది. దేవుని తల్లికి నాలాంటి జుట్టు ఉండవచ్చునని అంతవరకూ నాకు తెలీదు. ముట్టుకుని చూద్దామని ముందుకు పరిగెత్తాను.

మా అమ్మ నా రెక్క పట్టి వెనక్కి లాగింది. చూస్తే ఆమె పైట భుజాల నిండా కప్పుకుని, తల వంచి, కొంచెం పక్కకు ఒదిగి నిలబడి ఉంది. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. అమ్మ ఊర్లో పెద్దింట్లో వాకిలి పనికి పోయేది. నేను వెంట పోతే, వాళ్ల అరుగు దగ్గర నన్ను ఇట్లాగే లాగి, ఇట్లాగే నిలబడేది. చుట్టూ ఆడవాళ్లందరూ అదే తీరుగా దూరంగా నిలబడి ఉన్నారు. మా అవ్వ మా ఇద్దరినీ చూసింది. ఆమె మా తాత భార్య, గుడి ఊడ్చి నీళ్లు చల్లే మనిషి.

పూజ అయింది. ఒక్కరూ ముందుకు పోయి కొవ్వొత్తి వెలిగించలేదు. దొరసామి ఎలా ఉందని అడిగితే మగవాళ్లు బాగుండాది సామీ అన్నారు, అని ఇళ్లకు పోయారు. తర్వాత కూడా అంతే. జపమాలకు వచ్చేవాళ్లు తగ్గారు. కొందరు గుడి వెనక గదిలో పెట్టిన పాత స్వరూపం దగ్గరకు పోయి, ఆ సగం ముఖానికే మొక్కుకుని వెళ్లేవాళ్లు. మా తాత వాళ్లకు తలుపు తీసేవాడు. పడుచువాళ్లు మీకు తెల్లతోలు మీద మోజు అని పెద్దవాళ్లను ఎత్తిపొడిచేవాళ్లు. ఇళ్లలో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు.

చివరికి ఒక ఆదివారం దొరసామి ప్రసంగంలో, మీ రంగు మీకే నచ్చదా, మీ తల్లి మీలా ఉంటే మీకు సిగ్గా అని అడిగాడు. ఆయన కోపంతో అనలేదు, నొచ్చుకుని అన్నాడు. కానీ ఆ మాట పేటంతటికీ తగిలింది. పూజ అయ్యాక అందరూ తలలు దించుకుని వెళ్లిపోతుంటే మా అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరకు పోయింది. ఆ వారం కర్నూలు నుంచి మళ్లీ వచ్చిన చిత్రకారుడు అక్కడే ఉన్నాడు. దొరసామి ముందు అవ్వ గొంతు విప్పడం నేను చూడడం అదే మొదటిసారి.

"సామీ, మాకు మా మనిషినే తెచ్చిచ్చినామని మీరు అనుకుంటాండారు. ఈమె మా మనిషి గాదు. ఈమె ఇంటి గడప మేం దాటగూడదు. తెల్లతల్లి యా ఊరిదో, యా కులమో మాకు తెలీదు. ఆమె కాడికి బయం లేకుండా పోతాంటిమి."

అయితే దీన్ని తీసేయమంటావా అని దొరసామి మెల్లగా అడిగాడు. అవ్వ నా తల మీద చెయ్యి వేసి, ఈ బిడ్డకు ఆ నల్ల జుట్టు శానా నచ్చిందని చెప్పింది. కాసేపు ఆ బొమ్మనే చూస్తూ నిలబడింది.

"తియ్యొద్దు సామీ. ఆమెను కుర్చీ దించండి. కింద కూసోబెట్టండి."

చిత్రకారుడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎట్లా కూర్చోవాలమ్మా అని అడిగాడు. అవ్వ అక్కడే నేల మీద చాప పరుచుకుని, ఒక కాలు మడిచి ఒక మోకాలు లేపి కూర్చుంది. పక్కింటి అక్క తన బిడ్డను తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది. ఆయన ఎత్తుపీట మీద కూర్చుని గీయబోతే, "నువ్వూ దిగు నాయనా, అంతెత్తు నుంచి నా నడినెత్తే కనపడతాది" అంది. ఆయన నవ్వి, దిగి, మా అవ్వకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఊరి కులాల మనిషి ఒకడు మాతో సమంగా కింద కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు.

కుర్చీ గీకేశాడు, ఈతచాప వేసి దాని మీద తల్లిని అవ్వ కూర్చున్నట్టే కూర్చోబెట్టాడు. నగలు, పట్టుచీర కూడా తీసేస్తానన్నాడు. అవ్వే వద్దంది. ఆమె నగలు ఆమెకు ఉండనీ, మన కాడికొచ్చి కూసుంటే సాలు అంది.

రంగు ఆరిన తర్వాత వచ్చిన ఆదివారం మా అమ్మ గుళ్లోకి వచ్చి, మొదట ఎప్పటిలాగే దూరంగా ఆగింది. తర్వాత నడిచింది. పీఠం మెట్టు దాకా పోయి కింద కూర్చుంది. చెక్క మీద తల్లి కూర్చున్న ఎత్తూ మా అమ్మ కూర్చున్న ఎత్తూ ఇంచుమించు ఒకటే. అమ్మ ఏమీ అడుక్కున్నట్టు లేదు. ఊరికే అలా చూస్తూ కూర్చుంది, పనంతా అయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చున్నట్టు. నేను వెళ్లి బొమ్మలోని ఆ చీర అంచును ముట్టుకున్నాను. ఈసారి నన్ను ఎవరూ లాగలేదు.

అందరూ మారారని చెప్పను. మా తాత ఆఖరిదాకా వెనక గదిలోనే మొక్కుకున్నాడు. అవ్వ ఆయనతో వాదించలేదు. గుడిలో ఒక కొవ్వొత్తి, గదిలో ఒక కొవ్వొత్తి వెలిగించేది. ఇద్దరిలో నిజం తల్లి ఎవరని నేను అడిగితే, ఆమె మొగం ఎవరు సూసినారమ్మే, తాతకు యాడ మనసు కుదిరితే ఆడనే మొక్కుకోనీ అంది.

పెద్దయ్యాక పట్నాల్లో కొత్త గుళ్లు చూశాను. నాలుగు గీతలతో, కళ్లూ ముక్కూ లేకుండా చేసిన తల్లి బొమ్మలూ చూశాను. మావాళ్లు ఇదేం బొమ్మ అని విసుక్కుంటారు. నేను తొందరపడను. కాసేపు ముందర కూర్చుంటాను. కొన్నింటి దగ్గర కూర్చోబుద్ధవుతుంది, కొన్నింటి దగ్గర కాదు. పాతవైనా అంతే, కొత్తవైనా అంతే.

చదువుకుని పంతులమ్మనయ్యాను. మా పేటలాంటి పేటల నుంచి తల్లులు బడికి వచ్చి, పైట కప్పుకుని, తల వంచి తలుపు దగ్గర నిలబడేవాళ్లు. వాళ్లను లోపలికి రమ్మంటే చాలదని నాకు తెలుసు. కుర్చీ దిగి, చాప వేసి, ముందు నేను కూర్చునేదాన్ని. బిడ్డ చదువు సంగతి ఆ తర్వాత. ఇప్పుడు నా మోకాళ్లు వంగవు. అయినా గడప దగ్గర ఎవరైనా అలా నిలబడితే, నా కాళ్లు నన్ను కుర్చీలో ఉండనివ్వవు.