చంద్రమ్మకు తోడు

చంద్రమ్మకు ఒంటరిగా ఏ పనీ చేతకాదు. లిఫ్టు ఎక్కాలన్నా తోడు కావాలి, చేతులు కడుక్కోవాలన్నా తోడు కావాలి. గుర్తింపు కార్డు ఫొటోకి కూడా ఇద్దరిని వెంటపెట్టుకు వెళ్లింది. ఫొటోలో మధ్యన ఆవిడ ముఖం, అటొక చెవి, ఇటొక చెవి పడ్డాయి.

హైటెక్ సిటీలో మా ఆఫీసు పన్నెండు అంతస్తులు. చంద్రమ్మతో సహా ఊడ్చి తుడిచే నలభైమంది ఆడవాళ్లకు నేను సూపర్‌వైజర్‌ని. గోదావరి ఒడ్డున పల్లెటూరి బడిలో పదో తరగతి ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఉత్తమ సూపర్‌వైజర్ షీల్డు మూడుసార్లు అందుకున్నాను. గొప్పకి చెప్పడం లేదు, కథకు అవసరం.

ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ పరీక్షల బండి మా సెల్లార్‌కి వచ్చి, నలభై దాటిన వాళ్లంతా రావాలన్నప్పుడు నేను పేరు రాయించలేదు. నొప్పి లేనివాళ్లకు పరీక్షేమిటని నలుగురిలో అన్నాను. నిజానికి స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలి నెల దాటింది. మూడు షీల్డుల మనిషిని, భయమేస్తోందని ఎవరితో చెప్పను?

చంద్రమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అక్కా, నాకు బుగులైతాంది. జర తోడు రా."

"మిషనేమన్నా కరుస్తుందా?"

"ముందుగాల నువ్వు వొయ్యి చూసి చెప్పు. నీకు భయం లేదు గద."

ఆ మాటకు పొంగిపోయి బండెక్కాను. లోపల ఉన్నది ఆడపిల్లే. మిషను నొక్కినప్పుడు కాస్త నొప్పి, అంతే. దిగివచ్చి, ఇక నువ్వెళ్లు అన్నాను. చంద్రమ్మ కదల్లేదు.

పేర్లు రాసుకునే హర్షిణి నవ్వింది. "ఆంటీది పొద్దున్నే అయిపోయిందండి. అందరికంటే ముందు, ఒక్కరే వచ్చారు."

నేను చంద్రమ్మ వైపు తిరిగాను.

"ఏందక్కా గట్ల జూస్తవ్? నెలసంది నీ చెయ్యి ఊకె ఆడికే పోతాంది. పరీక్షకు రమ్మంటే వస్తవా నువ్వు? తోడు రమ్మంటే వస్తవ్."

వారం తర్వాత, బండివాళ్లు పంపిన ఆసుపత్రిలో స్కాను చేసి, అది ఉత్త నీటితిత్తి, భయం లేదు, ఏడాదికోసారి మాత్రం చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. బయట చాయ్ బండి దగ్గర నేను సగం చాయ్ చీర మీదే ఒలకబోసుకుంటే, గ్లాసు చంద్రమ్మే పట్టుకుని ఊది ఊది తాగించింది.

"బిరాన తాగు. మనోళ్లెవరన్న జూస్తే మేడమ్ ఇజ్జత్ పోతది."