సీట్లు పీకేసిన విమానం

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వొచ్చేది. మా అమ్మ కొత్త చీపురు కొన్నా దిష్టి తీసే మనిషి. నేను దానికి పూర్తిగా ఎదురు. ఫలానా చోట ఏదో కనిపించిందని ఎవరైనా చెబితే, ముందు పోయి కళ్ళ డాక్టరుకు చూపించుకోమనేదాన్ని. ఇప్పుడు నేను రాస్తున్నది ఇంకొకరు చెప్పి ఉంటే వాళ్ళకూ అదే మాట చెప్పేదాన్ని. అందుకే మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు.

నేను ఉండేది కర్నూలులో. పుట్టింది కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు ఒక నేత ఊళ్ళో. పెళ్ళయ్యాక కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపు పెట్టుకున్నాను. కర్నూలు బయట రన్‌వే దగ్గర్లో ఒక ప్రైవేటు కంపెనీ పెద్ద షెడ్డు వేసి, కుట్టుపని తెలిసినవాళ్ళు కావాలంటే వెళ్ళాను. మా వైపు గాలిలో తేమ తక్కువ, పాత విమానాలు నిలబెట్టుకోవడానికి అనువుగా ఉంటుందని వాళ్ళు ఈ చోటు ఎంచుకున్నారట. కొన్నాళ్ళు నేర్పించి, కుట్టుపనికి నన్నే సూపర్‌వైజర్‌ని చేశారు.

అక్కడ మా పని పెద్ద విమానాన్ని ఇల్లుగా మార్చడం. ఒక విమాన సంస్థ వాడి వదిలేసిన దాన్ని ఎవరో ధనవంతుడు కొన్నాడు. మూడు వందల మంది కూర్చునే విమానం అది. లోపల సీట్లన్నీ పీకేసి పడకగది, షవరున్న స్నానాలగది, భోజనాల బల్ల, సోఫాల హాలు కట్టాలి. కింద సామాన్లు పెట్టే చోట అదనంగా ఇంధనం ట్యాంకులు బిగిస్తారు. అప్పుడది ఎక్కడా ఆగకుండా భూమికి ఆ చివరిదాకా పోతుంది. కొన్నాయన పేరు మాకెవరికీ చెప్పలేదు. మేము మాత్రం రోజూ చూస్తున్నట్టు ‘సారు మంచం, సారు సోఫా’ అనుకునేవాళ్ళం.

మా చిన్నాయనను, అంటే నాన్న తమ్ముణ్ణి, అక్కడ పనిలో చేర్పించింది నేనే. ఊళ్ళో ఆయన మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. చేతికుట్టు బాగా కుడతాడు. నా చిన్నప్పుడే నాన్న పోతే నన్ను పెంచి, చదివించి, పెళ్ళి చేసింది చిన్నాయనా చిన్నమ్మా. వాళ్ళకు పిల్లల్లేరు. నాకు తండ్రి అంటే ఆయనే.

మొదటి రోజు విమానం ఎక్కి లోపల చూసి, చిన్నాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. వరసల వెంబడి చూసుకుంటూ అన్నాడు.

“ఇన్ని సీట్లు పీకేసి ఒకనికి మంచం ఏస్తారా పాపా? మరి వీండ్లంతా యాడికి పోవల్ల?”

ఖాళీ సీట్లను చూసి ‘వీండ్లంతా’ అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

సీట్లు పీకి పక్క షెడ్డులో కుప్పేశారు. పైన సామాను పెట్టే డబ్బాలు, నేల మీది తివాచీలు, గోడల పలకలు, అన్నీ ఊడదీశారు. లోపల మిగిలింది ఒక పొడవాటి ఖాళీ గొట్టం. తర్వాత కొన్ని నెలలు వడ్రంగులు, కరెంటు వాళ్ళు, మేము ఒకరి తర్వాత ఒకరం పనిచేశాం. సోఫాలు బిగించాక ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి దిగితే, నేను తోలు ముడతలు చూద్దామని ఒక్కదాన్నే ఎక్కాను.

పొడుగు సోఫా మీద మూడు గుంటలు ఉన్నాయి, పక్కపక్కనే.

ఎవడో కూర్చుని పోయాడని మండిపడ్డాను. కొత్త ఫోమ్ మీద మనిషి లేచిన మరుక్షణం గుంట పూడిపోవాలి. అవి పూడలేదు. చేత్తో రుద్దాను, తట్టాను. అలాగే ఉన్నాయి. కిందికి దిగి పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి తిట్టాను. ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దున చూస్తే సోఫా చదునుగా ఉంది. మధ్యాహ్నానికి మళ్ళీ మూడు. టేపు పెట్టి ఒక్కో గుంట వెడల్పు కొలిచాను. ఎందుకు తోచిందో గానీ, పక్క షెడ్డుకు పోయి పాత సీటును కూడా కొలిచాను. రెండూ ఒకటే.

ఫోమ్ నాసిరకమని కంపెనీకి చెప్పి మార్పించాను. అప్పటికి నాకు భయం లేదు, చిరాకు మాత్రమే.

భయం పుట్టింది సారు మంచం దగ్గర. పరుపు పరిచి, దుప్పటి వేసి, పడకగది తలుపుకు తాళం వేసి తాళంచెవి నేనే పెట్టుకున్నాను. మరుసటి రోజు పట్టపగలు, కింద వెల్డింగ్ చప్పుళ్ళు వినిపిస్తుండగా, తాళం తీసి చూశాను. మంచం నిండా గుంటలు. మనిషి పడుకుంటే పడేవి కావు, కూర్చుంటే పడేవి. మంచానికి అడ్డంగా, వరస వెనక వరస, అన్నీ విమానం ముక్కు వైపే చూస్తున్నట్టు. లోపలికి చల్లగాలి పైపు పెట్టి ఉండటంతో గదిలో చలిగా ఉంది. ఒక గుంటలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

ఎలా దిగానో గుర్తులేదు. చూసుకుంటే షెడ్డు బయట ఎండలో ఉన్నాను.

ఆ తర్వాతే చిన్నాయన నడకను గమనించాను. హాలు ఎంత విశాలంగా ఉన్నా ఆయన మధ్యలో నడవడు. పాత విమానంలో నడవడానికి దారి ఎక్కడ ఉండేదో, సరిగ్గా ఆ గీత మీదే నడుస్తాడు. మధ్యమధ్యలో పక్కకు ఒదిగి ఆగి, మళ్ళీ కదులుతాడు. ఏం చేస్తున్నావని అడిగాను.

“దోవ ఇయ్యల్ల గదా పాపా,” అన్నాడు, నాకు అది తెలియకపోవడమే వింత అన్నట్టు.

కూర్చోబెట్టి గట్టిగా అడిగితే చెప్పాడు. మగ్గం మీద ఒక చీర అయిపోతే దాన్ని కోసుకుంటారు గానీ, పాత పడుగు, అంటే నిలువు పోగుల కొసలు మగ్గానికే వదిలేస్తారు. కొత్త పడుగును ఒక్కో పోగుగా వాటికే అతుకుతారు. మా ఇళ్ళలో మగ్గాన్ని పోగు లేకుండా బోడిగా ఎప్పుడూ ఉంచరు. చిన్నాయనకు విమానం కూడా అలాగే తోచింది. కుప్పలోని పాత సీట్ల గుడ్డను అరచెయ్యంత ముక్కలుగా కోసి, ప్రతి సోఫాలో, సారు మంచం తలవైపు పలక లోపల, ఒక్కో ముక్క కుట్టేశాడు. మంట అంటుకోదని పరీక్షలో పాసుకాని గుడ్డ విమానంలో పెట్టకూడదని వంద సార్లు చెప్పానే అంటే, “అది ముందే పాసైన గుడ్డ గదా,” అని నాకే ఎదురు చెప్పాడు.

అన్నీ విప్పించాను. నిబంధన ఎలాగూ ఉంది, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. చిన్నాయన మొహం ముడుచుకుని ఒక్కో కుట్టూ విప్పాడు. ఆఖరి ముక్క నా చేతికిస్తూ, “అట్లైతే వాండ్లు యాడ కుచ్చుంటారు పాపా?” అన్నాడు.

ఆ రోజు నుంచి గుంటలు పడలేదు. హమ్మయ్య అనుకున్నాను. అయినా ఊరుకోలేక, అక్కడి ఇంజనీరును అడిగాను, ఈ విమానంలో ఎప్పుడైనా ఏదైనా ప్రమాదం జరిగిందా అని. ఒక్కటీ జరగలేదట. అందులో ఎవరూ చనిపోలేదట. ఎక్కినవాళ్ళంతా క్షేమంగా దిగి ఇళ్ళకు పోయారు. ఆ మాట విన్నాక నా భయం ఇంకా పెరిగింది. చచ్చినవాళ్ళు కాకపోతే మరి అవి ఎవరి గుంటలు?

పని పూర్తయ్యాక విమానాన్ని ఒకసారి ఎగరేసి చూస్తారు. లోపలి సామాను ఎక్కడైనా గడగడలాడుతుందేమో వినడానికి పనివాళ్ళలో ఒకరిని తీసుకుపోతారు. చిన్నాయన ఎప్పుడూ విమానం ఎక్కలేదు. మేనేజరు వెంటపడి ఒప్పించుకున్నాడు. పైనుంచి అహోబిలం కనిపిస్తే దండం పెట్టుకుంటానని ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశాడు. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను.

“ఏంటికి వద్దు? ఇప్పుడు గుంటలు పడడంల్యా గదా,” అన్నాడు.

ఆ రోజు పొద్దున మంగలి దగ్గర నున్నగా గడ్డం గీయించుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నేను చూస్తుండగా మెట్లెక్కి, పైనుంచి చెయ్యి ఊపాడు. నల్లమల వైపు పోయి, శ్రీశైలం మీదుగా తిరిగి రావడం వాళ్ళ పని. మధ్యాహ్నం భోజనాల వేళకు దిగేశారు.

చిన్నాయన అందరికంటే ఆఖరున దిగాడు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. వాటిని చేత్తో పట్టుకుని ఉన్నాడు. మొహం నిండా తెల్లగా గడ్డం. పొద్దున నున్నగా గీయించుకున్న మొహం మీద నాలుగైదు రోజుల గడ్డం. నేను ముట్టుకుని చూశాను. వేళ్ళకు గరుకుగా తగిలింది.

ఎక్కినప్పటి నుంచి దిగేదాకా పెద్దాయన తన పక్కనే బెల్టు పెట్టుకుని కూర్చున్నాడని, ఒక్క మాటైనా మాట్లాడలేదని, కిటికీ వైపు చూడనైనా లేదని ఇంజనీరు చెప్పాడు. గడ్డం సంగతి అడిగితే తాను గమనించలేదన్నాడు.

“యాడ కుచ్చునేది పాపా,” అన్నాడు చిన్నాయన. “అంతా నిండిపోయిండాది. ఆడోళ్ళు, పిల్లోళ్ళు శానా మంది నిలబడుకోని ఉండారు. ఒక ముసలామె నిలబడలేకుండా ఉంటే లేసి నా సీటు ఇచ్చినా. ఎంత దూరం పోయినా ఊరే రాల్యా.”

ఏడుస్తూ ఆయన్ను నా కారు దగ్గరికి తీసుకుపోయాను. ముందు తలుపు తీశాను. ఆయన వెనక తలుపు తీసి పట్టుకుని, పక్కకు నిలబడి, “ఎక్కండమ్మా, ఎక్కండి,” అన్నాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. కారు వెనక భాగం మెల్లగా కిందికి దిగింది. టైర్లు నొక్కుకుపోవడం నా కళ్ళతో చూశాను. చిన్నాయన తలుపు వేసి, ఇంక చోటు లేదు, నడిచి వస్తానన్నాడు. ఆ కారులో నేనూ ఎక్కలేదు. తాళాలు దానికే వదిలేసి, ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నడిచాను.

డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏ జబ్బూ లేదన్నారు. విమానం సారు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఆ పని మానేశాను. చిన్నాయనను ఊరికి చేర్చాం. అక్కడ ఆయన కూర్చోడు. నిలబడే తింటాడు, నిలబడే గోడకు ఆనుకుని కునుకు తీస్తాడు. కాళ్ళ వాపు తగ్గలేదు. చిన్నమ్మ ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. ప్రతి ఆదివారం వెళ్ళి, ఒక్కసారి కూర్చో చిన్నాయనా అని బతిమాలుతాను. అందరికీ చోటు దొరకనీ అంటాడు.

ఇదంతా ఏమిటో నాకు తెలియదు. ఆలోచించినకొద్దీ తల తిరుగుతుంది తప్ప ఒక్కటీ తేలదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను, ఎందుకంటే నిన్న చిన్నమ్మ ఫోన్ చేసింది.

చిన్నాయన కుర్చీలో కూర్చున్నాడట. నా ప్రాణం లేచి వచ్చింది. ఎలా కూర్చోబెట్టావని అడిగాను.

“నేను కాదు పాపా. ముసలాయప్ప ఒకాయన లేసి మీ చిన్నాయనకు కుర్చీ ఇచ్చినాడు. పాపం, శానా దూరం నుంచి వచ్చినట్లుండాడు. మజ్జిగ ఇచ్చినా, తాగినాడు.”

ఆమె గొంతులో భయం లేదు. వెనక నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, చాలా గిన్నెలు.

రేపు ఆదివారం. ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తలచుకుంటేనే భయమేస్తోంది. కానీ నా చిన్నాయన ఉన్నాడు, చిన్నమ్మ ఉంది. పోవాలి.