రసమట్టంలో బుడగ

మునిసిపాలిటీ ఆఫీసులో అందరూ ఆమెను గుట్టక్క అంటారు. ఊరి వెనక గుట్ట మీది బాటను చూసుకోవడం ఆమె పని. చేతిలో పార, భుజాన గునపం, నోట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద విసుగు. ఆ విసుగు ఊరికే రాలేదు.

ఆమెకు పదేళ్లప్పుడు అన్నయ్య లావు టైర్ల గేర్ల సైకిలు కొనుక్కుంటే, అతను నిద్ర లేచేలోపే ఆమె దాన్ని గుట్టెక్కించేది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు ఒళ్లు తెలియని ఆనందం. మోకాళ్లు చెక్కుకుపోని వారం లేదు. "ఆడపిల్లవా, కోతిపిల్లవా?" అని అమ్మ తల బాదుకునేది. నాన్న సైకిలుకు తాళం వేస్తే, అన్నయ్యే తాళంచెవి తెచ్చి ఆమె పుస్తకాల సంచిలో పడేసేవాడు.

పడుతూ లేస్తూ ఆమె వాననీళ్ల తీరు నేర్చుకుంది. బాట లోయవైపు రవ్వంత వాలి ఉంటే నీళ్లు పల్చగా జారిపోతాయి. చదునుగా ఉంటే బాట వెంటే పరుగెత్తి, వంపు దగ్గర అంచు కింది మట్టిని కోసుకుపోతాయి. ఈ సంగతి ఏ బళ్లోనూ చెప్పలేదు, మోకాళ్లే చెప్పాయి.

పెద్దయ్యాక బట్టల కొట్లో కూర్చోబెడితే పది రోజులకే ఊపిరాడక బయటపడింది. గుట్ట బాటకు మనిషి కావాలని తెలియగానే ఎగిరి గంతేసి చేరింది. పెళ్లి చేసుకోబోయేవాణ్ణి "సైకిలు తొక్కడం వచ్చా?" అని అడిగితే రాదన్నాడట. అబద్ధం ఆడలేదు కదా అని ఒప్పుకుంది.

పద్దెనిమిదేళ్లు ఆ బాటకు వాలు పెట్టి కాపాడింది. ఈ ఏడు దానికి సిమెంటు వేయాలన్నారు. కూతురికి పదకొండేళ్లు. "పని పూర్తయ్యాక, తెరిచే ఆదివారం ఇద్దరం పైనుంచి దిగుదాం" అని మాటిచ్చింది. పిల్ల అప్పటినుంచే హెల్మెట్ పెట్టుకుని ఇంట్లో తిరిగేది.

కొత్త ఇంజనీరు చదును కొలిచే రసమట్టం పట్టుకుని వచ్చాడు.

"సార్, లోయవైపు రెండు వేళ్ల వాలు ఉండాలండీ."

"బుడగ మధ్యలో ఉందా లేదా, నాకదే కావాలమ్మా."

ఆమె వాలుగా వేయించింది, అతను పగలగొట్టించాడు. మళ్లీ వేయించింది, మళ్లీ పగలగొట్టించాడు. మూడో వంపు దగ్గరకు వచ్చేసరికి ఆమెకు ఓపిక చచ్చిపోయింది. "మీ ఇష్టం సార్" అనేసి చదునుగానే వేయించింది. ఆ మాట అన్నందుకు తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది.

రెండు వానలు పడ్డాయి. తెరవడానికి ముందురోజు, శనివారం ఉదయం, మూడో వంపు మీద గునపంతో తడితే డొల్లగా మోగింది. కిందికి దిగి అంచు కింద చెయ్యి పెట్టి చూసింది. సిమెంటు పలక కింద మట్టే లేదు, మోచెయ్యి దాకా చెయ్యి దూరింది. వెంటనే అడ్డంగా తాడు కట్టి ఇంజనీరును పిలిచింది.

అతను పైనుంచే చూశాడు. "చిన్న చీలిక కూడా లేదు. మీది ఉత్త అనుమానం."

"ఒక్కసారి కిందికి దిగి చూడండి సార్. రేపు పిల్లలొస్తారు."

"సోమవారం చూద్దాంలెండి. రేపు ప్రారంభానికి పెద్దపెద్దవాళ్లు వస్తారు, ఈ తాడేంటి, విప్పేయండి." అతనే విప్పేసి వెళ్లాడు.

ఆదివారం తెల్లవారగానే ఆమె గునపం తీసుకుని గుట్టెక్కింది. మూడు దెబ్బలకు పలక విరిగి లోయలో పడింది. దానితో పాటే కింది డొల్ల కూడా పోయింది. ఇప్పుడు అక్కడేం ఉండేదో ఎవరికి చూపించాలి?

"ప్రజల ఆస్తిని ధ్వంసం చేశారు" అని ఇంజనీరు అక్కడికక్కడే మెమో రాసిచ్చాడు. బాటకు గేటు పెట్టి తాళం వేయించాడు. ఆమె ఎంత అరిచినా వచ్చినవాళ్లు పలక విరిగిన చోటు చూసి, ఆమె చేతిలోని గునపం చూశారు.

కూతురు అప్పుడే సైకిలు తోసుకుంటూ పైకి వచ్చింది. వెనక స్నేహితురాలు ఏమైందని అడుగుతోంది.

"మా అమ్మే పగలగొట్టింది" అంది పిల్ల. హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి, తల్లివైపు చూడకుండా సైకిలు వెనక్కి తిప్పింది.