అంచు చిరిగిన కంబళి

మా తమ్ముడి ఫోటో పత్రికలో అచ్చువేసి, కింద ‘ఒక కూలీ’ అని రాశారు. పేరు లేదు, ఊరు లేదు. ఎద్దును కూడా పేరు పెట్టి పిలిచే ఊళ్లో పుట్టినవాడు వాడు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా పూనకమని ఊగితే చింతబరికె తెమ్మనేవాణ్ణి. బడికి పోలేదు గానీ, అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని తెలుగు, కన్నడ రెండూ నేర్చుకున్నాను. కాబట్టి ఇది చదువురానివాడి భ్రమ అని ఎవరూ తీసెయ్యకండి.

ఎనభైల చివర్లో పావగడ దగ్గర మా నాగలమడిక వైపు వరుసగా మూడేళ్లు శెనక్కాయ పైరు ఊడ మట్టిలోకి దిగకముందే ఎండిపోయింది. తమ్ముడు నరసింహుడు బెంగళూరుకు పోయి కట్టడం పనిలో చేరాడు. రెండో ఏడు నవంబరులో జ్వరంతో పోయాడు. తోటి కూలీలు లారీలో తెచ్చి ఇంటిముందర దించారు.

మాలో పూడ్చేముందు, శవం మీద కప్పిన గుడ్డ అంచు చించి కర్మ చేసేవాడు భుజాన వేసుకోవాలి. కొత్తగుడ్డ తెచ్చాం. అమ్మ ఒప్పుకోలేదు.

“చలికాలంలో పోతాండాడు. ఆ పల్చటి గుడ్డ యాడ చాల్తుందప్పా?” అని, ఇంట్లో ఉన్న ఒకే ఒక కంబళి తెచ్చి కప్పింది. కుడివైపు అంచు జానెడు నేనే చించాను. ఆ కంబళి బెంగళూరు ముఖం ఎన్నడూ చూడలేదు. వాడితోపాటు మట్టిలోకి పోయింది.

ఇంట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదు. ఏడాది తిరిగేసరికి అమ్మ, “వాని మొగం మర్చిపోతాండానప్పా. ముక్కు గుర్తుండాది, కండ్లు గుర్తుకు రావు” అని ఏడ్చేది.

అలాంటప్పుడు పావగడలో, మంగలి అంగట్లో ఒక కన్నడ వారపత్రిక చేతికొచ్చింది. చలికాలపు బెంగళూరు, నలుపు తెలుపు ఫోటోలు, రెండు పేజీల నిండా. మంచులో తల మాత్రమే కనిపించే సైకిలువాడు. పూలబుట్టల మధ్య చేతులు కాచుకునే ఆడవాళ్లు. సగం కట్టిన మేడ. చివరిదాంట్లో టీ బండి పక్కన, కంబళి కప్పుకుని, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని మా తమ్ముడు నేరుగా చూస్తున్నాడు.

లేచాను.

“ఏందన్నా, సగం గడ్డంతో యాడికి? వదిన తలుపు తీయదు!” అని మంగలి అరుస్తూనే ఉన్నాడు. పత్రిక చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

అప్పటికి నాది కోపమే. బతికుండగా తీసిన ఫోటో అనుకున్నాను. అమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి వేలితో ముఖం తడిమింది. “వీడే. ఇవే కండ్లు.” వేలు కిందికి జరిగి ఆగిపోయింది. “అప్పా, ఈ అంచు నువ్వు చింపిందే గదా?”

చూశాను. కుడివైపు, జానెడు.

అమ్మ మాత్రం, “పోనీలే, కప్పుకున్యాడు” అంది.

ఫోటో తీసినాయనకు పత్రిక చిరునామాతో కార్డు రాశాను. వాడి పేరు వేయండి, మా అమ్మకు అసలు ఫోటో పంపండి అన్నాను. చనిపోయాడని రాయలేదు. రాస్తే జాలిపడతారు, నాకు కావలసింది న్యాయం. నా పేరు కూడా రాయలేదు, ‘నరసింహుడి అన్న, నాగలమడిక’ అని మాత్రం పెట్టాను. మూడు కార్డులకు జవాబు లేదు. నాలుగోదాంట్లో తిట్టాను. పది రోజులకు జవాబు వచ్చింది.

ఒకే రకం కంబళ్లు ఉండవచ్చు, తల్లి కన్ను పొరబడవచ్చు అని ఇన్నేళ్లుగా నాకు నేనే వాదించుకున్నాను. కానీ పెద్ద ఫోటోతోపాటు వచ్చిన ఈ కన్నడ ఉత్తరానికి ఏ వాదమూ దొరకలేదు. కవరు మీద నా పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఉత్తరం తెలుగులో చెబుతున్నాను:

“అయ్యా, మీ కోపం న్యాయమైనది. ఆ ఫోటో పోయిన జనవరిలో, పొద్దున ఏడింటికి తీశాను. పేరడిగితే మీ తమ్ముడు తెలుగులో, ‘నాదెందుకు సామీ, మాయన్న పేరు రాసుకో. నువ్వు పంపకపోతే ఆయప్పే జాబు రాస్తాడు. కోపిష్టి, తిడతాడు. ఏమనుకోవద్దు, మాయమ్మకు మాత్రం పంపియ్యి’ అన్నాడు. రాసుకున్నాను. పంపకుండా బద్ధకించాను. ఈసారి మీ తమ్ముడు ఊరికి వచ్చినప్పుడు, నన్ను క్షమించమన్నానని చెప్పండి.”