ఎవరు పిలిచారో కనిపెట్టిన రోజు

మొన్న మా మనవరాలు తను రాసిన ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయిందని విసుక్కుంటూ కంప్యూటరు నావైపు తిప్పితే, ఒక్కో పని చేసే ప్రోగ్రాము ముక్కలైన మెథడ్లలో ఏ మెథడ్‌ను ఏ మెథడ్ పిలిచిందో, దాన్ని మళ్ళీ ఏది పిలిచిందో, ఎర్రటి వరుసలుగా దానంతట అదే తెర మీదికి వచ్చేసి ఉంది. ఇంత సులువా అని పిల్ల ముందు నవ్వేశాను గాని, లోపల చురుక్కుమంది.

ఎనభైల చివర, అనంతపురంలో కరువు పనులు చూసే ఒక ఆఫీసులో, అక్కడే పనిచేసే మా పెద్దమ్మ కూతురు అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పితే నేనూ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళిన రోజులు మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఒక్కో వస్తువుకూ ప్రోగ్రాములో ఒక్కో ప్రతిరూపం కట్టే ఆబ్జెక్టుల పద్ధతి అప్పుడే మా దాకా వచ్చింది. ఊరొక ఆబ్జెక్టు, నీళ్ళ ట్యాంకరొక ఆబ్జెక్టు, ట్యాంకరును పంపడానికి ఒక మెథడ్, అవసరమైనప్పుడు దాన్ని మిగతావి పిలిచి పని చేయించుకోవడం, అదంతా మాకో మురిపెం. ఏ ఊరికి ఆ రోజు ట్యాంకరు పోవాలో ఆ ప్రోగ్రామే జాబితా ఇచ్చేది. ఆ వేసవిలో ఉరవకొండ వైపు ఒక పల్లెకు, బోరు బాగానే ఉందని రికార్డుల్లో ఉన్నా, రోజూ ట్యాంకరు పోతోందని బయటపడింది. ఆ మెథడ్‌ను ఎక్కడినుంచి పిలుస్తున్నారో కనుక్కోమని ఆఫీసరు నాకు పురమాయించారు.

ఎవరు పిలిచారని అడిగితే చెప్పే కంప్యూటరు భాష కాదు అప్పట్లో మాది. పిలుపు అందుకున్న మెథడ్ పని ముగించి ఎక్కడికి తిరిగిపోవాలో ఆ చిరునామా మెమరీలో ఒక మూల ఉంటుంది. ప్రోగ్రాము నడుస్తుండగానే దాన్ని పట్టుకుని, అది ఏ మెథడ్‌దో సరిపోల్చి, చివరికి దొరకబుచ్చుకున్నాను. అది అక్క రాసిన ముక్క. అక్క పక్క బల్ల దగ్గరే ఉంది. ఆమెను ఒక్క మాటైనా అడగకుండా, ఏదో ఘనకార్యం చేసినట్టు పోయి ఆఫీసరుకు చూపించాను. ఆ సాయంత్రమే ఆ ముక్కను ప్రోగ్రాములోంచి తీసేశారు, అక్క అందరి ముందూ మాటలు పడింది, ట్యాంకరు ఆగిపోయింది.

అక్క నన్ను తిట్టలేదు. "ఆడ బోరు ఎప్పుడో ఎండిపోయినాది రా. కాగితాలు మారేదాకా వాళ్ళేం తాగాల? పిలిచింది నేనని కనుక్కుంటివి, ఎందుకు పిలిస్తినో ఒక్క మాట అడిగింటే ఏం పోతాండె?" అనింది, అంతే.

రికార్డు మారేలోపు ఆ ఊరి ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నపు ఎండలో పక్క ఊరినుంచి బిందెలు మోసుకున్నారని తర్వాత తెలిసింది. చెప్పిన పనే కదా చేశానని ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. అక్క చనిపోయేదాకా నాతో మామూలుగానే ఉండడం నన్ను ఇంకా కుంగదీసింది.

ఇప్పుడు ఎవరూ అంత తిప్పలు పడనక్కర్లేదు, పిలిచినదాని పేరు తెరే రాసి పెడుతుంది. మనవరాలి తెర మీద ఆ వరుస మొట్టమొదటి మెథడ్ దగ్గర ఆగిపోయింది. నాకు మాత్రం దానికి పైన అక్క, అక్కకు పైన, ఖాళీ బిందెలతో ట్యాంకరు కోసం దోవ చూస్తూ నిలబడిన ఆ ఆడవాళ్ళు కనిపిస్తున్నారు.